చిలీ అన్న వాళ్లమ్మ

ఈ వేసవిలో మా అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. కొత్తది వెయ్యడానికి లారీ మీద రిగ్గు వచ్చి మా బాల్కనీ కిందే ఆగింది. పనివాళ్లు దిగి ముందుగా పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ బయటికి తీశారు. అపార్ట్‌మెంటు సెక్రటరీ తలెత్తి నా వైపు భయంగా చూశాడు. ఆ భయానికి కారణం ఉంది. కిందటిసారి బోరు వేసినప్పుడు నేను మెట్లు దిగి వెళ్లి, భూగర్భ జలాలకీ కొబ్బరికాయకీ ఉన్న సంబంధం ఏమిటో వివరించమని ఆ పనివాళ్లను నిలదీశాను. వాళ్లు నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టి, నాకూ ఒక ముక్క పెట్టారు. కొబ్బరి తప్పేమీ లేదు కనక తిన్నాను. ఈసారి మాత్రం బాల్కనీలోనే కూర్చుని చూస్తూ ఉండిపోయాను. సెక్రటరీకి ఇది మరీ కంగారు పుట్టించినట్టుంది. పైకి వచ్చి, "బాబాయిగారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఇంతలో రిగ్గు ఇనప గొట్టం నేలను తాకింది. ఆ మొదటి చప్పుడు వినగానే నేను ఒమాన్‌లో ఉన్నాను.

తొంభైల మొదటి సంవత్సరాలవి. సోహార్ ఊరు సముద్రం పక్కన ఉంటుంది గానీ మా క్యాంపు అక్కడ లేదు. ఊరి నుంచి పడమటి కొండల్లోకి కంపెనీ బస్సులో చాలాసేపు వెళ్లాలి. ఆ కొండల మీద గడ్డిపరక కూడా ఉండదు. మాడిపోయిన ఇటుకల రంగులో, ఇప్పుడే బట్టీలోంచి తీసి ఆరబెట్టినట్టు ఉంటాయి. ఆ కొండల్లో రాగి ఉంది. మా డ్రిల్లింగ్ కంపెనీ పని, ఎక్కడెక్కడ ఎంత లోతున రాగి ఉందో బోర్లు వేసి చూడటం. భూమి లోపలి రాయిని గుండ్రంగా కోసి, చెరుకు గడల్లాంటి ముక్కలుగా పైకి తీసేవాళ్లు. ఆ రాతి గడలను పొడుగాటి పెట్టెల్లో వరసగా పేర్చి భద్రపరచడం, దానితోపాటు స్టోర్స్ చూసుకోవడం నా డ్యూటీ. అంతకుముందు నేను కృష్ణా జిల్లాలో ఊరూరా తిరిగి దేవుడు లేడనీ, కులం ఉండకూడదనీ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. దేవుడు లేడని చెప్పడానికి మైకు అక్కర్లేదు గానీ, ఉంటే బాగుంటుంది. ఒమాన్‌లో నాకు మైకూ లేదు, సభా లేదు, అక్కడ ఆ మాట బహిరంగంగా అనే వీలూ లేదు. నోరు కట్టేసుకుని రాళ్లు లెక్కపెట్టుకోవడం నాకు మొదట్లో జైలులాగే ఉండేది.

క్యాంపులో నా శ్రోతలు ఇద్దరే. ఒకాయన మా మెస్సులో వంట చేసే కడప భాయి. ఐదు పూటలా నమాజు చేసేవాడు. నేను వాదన మొదలుపెడితే ఉల్లిపాయలు తరగడం ఆపకుండా వినేవాడు. కన్నీళ్లు పెట్టుకునేది ఉల్లిపాయలకా నా మాటలకా అన్నది ఎప్పటికీ తేలలేదు. రెండో ఆయన జగిత్యాల దగ్గరి పల్లెనుంచి వచ్చిన హెల్పరు. అందరినీ బావా అని పిలిచేవాడు గనక మేమూ ఆయన్ని బావ అనేవాళ్లం. నేను దేవుడు లేడంటే ఒప్పుకునేవాడు, భాయి ఉన్నాడంటే దానికీ ఒప్పుకునేవాడు. "నాకు ఇద్దరు కావాలె బావా. నువ్వు లేకుంటే స్టోర్ల గ్లౌజులు దొరకయ్, ఆయన లేకుంటే బువ్వ దొరకది" అనేవాడు.

మూడో మనిషి ఆ తర్వాత వచ్చాడు. చిలీ దేశంవాడు. ఆ దేశం ఉత్తరాన పెద్ద పెద్ద రాగి గనులున్నాయి. అక్కడ చాలా ఏళ్లు రిగ్గు నడిపిన అనుభవం ఉందని కంపెనీ పిలిపించింది. పొట్టిగా, వెడల్పుగా, నెరిసిన జుట్టుతో, రాతి పలకల్లాంటి చేతులతో ఉండేవాడు. నాకన్నా కొంచెం పెద్ద. బావ మొదటిరోజే "చిలీ అన్న" అని పేరు పెట్టేశాడు. మాకందరికీ ఆయన చిలీ అన్నే అయిపోయాడు. ఇంగ్లీషు, క్యాంపు హిందీ, నాలుగు అరబ్బీ మాటలు కలిపి మేమంతా ఒక సైటు భాష మాట్లాడుకునేవాళ్లం. ఆయన రెండు నెలల్లో అది పట్టేశాడు. ఇక్కడ ఆయన మాటల్ని తెలుగులో రాస్తున్నాను. ఒరిజినల్‌లో వ్యాకరణం ఇంత శుభ్రంగా ఉండేది కాదు, నాదీ అంతే.

మా పరిచయం తగాదాతో మొదలైంది. గ్లౌజుల కోసం స్టోరుకి వచ్చి, కౌంటరు అవతల నిలబడి, గ్లౌజులు అడక్కుండా నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. "నీది ఏ నేల? నువ్వు ఎవరి బిడ్డవి?" నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు కొత్త మనిషి కనపడగానే "మీరేమిట్లు?" అని కులం అడుగుతారు. దానికి చెప్పిన జవాబును బట్టి అరుగు మీద కూర్చోబెట్టాలా, వాకిట్లో నిలబెట్టాలా అన్నది తేలుతుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకూడదనే నేను వయసులో ఉండగా ఒక సభలో నా ఇంటిపేరూ, పేరు చివరి తోకా రెండూ వదిలేశాను. భూగోళం అవతలినుంచి వచ్చిన మనిషి కూడా అదే అడిగేసరికి, చేతిలో గ్లౌజులు పట్టుకుని ఆయనకి అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చాను. మనిషిని అడగాల్సింది ఎవరి బిడ్డవని కాదు, ఏం చేయగలవని, ఇలా సాగింది. ఆయన సగం అర్థమై సగం అర్థంకాక, చివరిదాకా కదలకుండా విన్నాడు. విని, "బాగా మాట్లాడతావు. మా దగ్గర అయితే నీకు చాలా పని దొరికేది" అని గ్లౌజులు తీసుకుని వెళ్లిపోయాడు. ఎగతాళి చేశాడనుకున్నాను.

పొద్దున్నే షిఫ్టుకి ముందు ఆయన తన క్యాబిన్ బయట తూర్పుకి తిరిగి కాసేపు నిలబడేవాడు. ఒమాన్‌లో మక్కా పడమటి దిక్కు. క్యాంపులో మొక్కేవాళ్లంతా అటు తిరుగుతారు, ఈయన ఒక్కడే ఇటు. బావకి చెప్పలేనంత సంతోషమైంది.

"చూసినవా, సూర్యునికి దండం పెడ్తుండు. మనోడే అయితడు."

"దండం యాడ పెడతాండాడప్పా, ఊరికే నిలబడుకోని ఉండాడు," అన్నాడు భాయి. "నీకు ప్రతి మనిషినీ మీవాడంటేనే నిద్ర పడుతుందేమో."

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆయన చిలీ దేశస్థుడే గానీ స్పానిష్ వాళ్ల సంతతి కాదు. వాళ్లు రాకముందునుంచీ ఆ దేశం దక్షిణాన అడవుల్లో, సరస్సుల పక్కన ఉన్న జాతి. మపూచెలు. మపు అంటే నేల, చె అంటే మనిషి. వాళ్ల భాష పేరుకి కూడా నేల మాట అనే అర్థం. వాళ్లకి అన్ని పనులూ తూర్పుతోనే మొదలవుతాయి, ఇంటి గుమ్మం కూడా అటే. సూర్యుణ్ణి పూజించడం లేదనీ, రోజు ఎక్కడ మొదలవుతుందో అటు తిరిగి దాన్ని పలకరిస్తున్నాననీ చెప్పాడు. బావ కొంచెం నిరుత్సాహపడ్డాడు. అయినా "పలకరిచ్చుడు మంచిదే" అన్నాడు.

ఆయన ఇంకో పని కూడా చేసేవాడు. కొత్తచోట రిగ్గు నిలబెట్టాక, ఇంజను వేసేముందు, ఫ్లాస్కులోని చాయ్ కొంచెం నేల మీద పోసి, గొంతులోనే ఏదో అనేవాడు. ఒకరోజు నేను రాతి పెట్టెలు తీసుకురావడానికి సైటుకి వెళ్లి కళ్లారా చూశాను. నా పాత రక్తం ఊరుకుంటుందా?

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఈ చోటికి యజమాని ఉంటాడు. చెట్టుకి ఉంటాడు, నీళ్లకి ఉంటాడు, రాయికి ఉంటాడు. అడగకుండా చెయ్యి పెట్టకూడదు."

"కంపెనీకి పర్మిషన్ ఉంది కదా."

"ఆ కాగితం సంగతి రాయికి తెలియదు."

"సరే, రాయి వద్దంది అనుకో. రిగ్గు ఆపేస్తావా?"

ఆయన నవ్వాడు. "ఆపితే రేపు నన్ను విమానం ఎక్కిస్తారు."

"మరి అడగడం దేనికి? గోడకి కన్నం వేసేముందు దొంగ కూడా దండం పెట్టుకుంటాడు."

"అడిగితే, నేను చేస్తున్నది ఏమిటో నాకు గుర్తుంటుంది," అన్నాడు. దొంగ సంగతి ఆయనకి బాగా నచ్చింది. ఆ సాయంత్రం మెస్సులో అందరికీ చెప్పి, తనమీద తనే నవ్వుకున్నాడు. వాదంలో ఓడిపోయి కూడా అంత హాయిగా ఉన్న మనిషిని నేను చూడలేదు. అసలు ఆయన ఓడిపోయాడో లేదో కూడా నాకు నిశ్చయంగా తెలియలేదు. సభల్లో అయితే చప్పట్లను బట్టి తెలిసేది. అప్పట్నుంచి సాయంత్రాలు మెస్సు వెనక బల్ల మీద మా ఇద్దరి వాదన రోజూ నడిచేది. నీళ్లకి యజమాని ఉంటే ఒమాన్‌లో ఆయన ఆస్తి ఎంత అని నేను అడిగితే, పాపం చాలా బీదవాడు, అందుకే ఇక్కడివాళ్లు చుక్క కూడా పారెయ్యరు అని ఆయన జవాబు.

ఒక సాయంత్రం మాత్రం వాదన చెడింది. భాష గురించి వచ్చింది. చిన్నప్పుడు బడిలో నేల మాట ఒక్క ముక్క పలికినా మొక్కజొన్న గింజల మీద మోకాళ్లు వేయించేవాళ్లట. దానికంటే ఆయనకి ఎక్కువ బాధ కలిగించింది ఇల్లు. వాళ్లమ్మ పిల్లలతో నేల మాట మాట్లాడటం పూర్తిగా మానేసిందట. తనకి సరిగ్గా రాని స్పానిష్‌లోనే అన్నానికి పిలిచేది, స్పానిష్‌లోనే తిట్టేది. తిట్టడానికి మాటలు చాలక మధ్యలో ఆగిపోయేదట. "బడి కొట్టింది, అది పరాయివాళ్ల బడి. నన్ను మూగవాణ్ణి చేసింది మా అమ్మ. మేమంటే ఆమెకి సిగ్గు," అన్నాడు. నేను ఆమె పక్షం తీసుకున్నాను. పాలించేవాళ్ల భాష నేర్చుకోకపోతే పిల్లలకి తిండి దొరకదని ఆమెకి తెలుసు, తెలివైన మనిషి, అందులో తప్పేముంది అన్నాను. ఆయన చాయ్ గ్లాసు బల్లమీద అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు స్టోరుకి గ్లౌజుల కోసం బావని పంపేవాడు.

ఇలా ఉండగా ఒక బుధవారం మధ్యాహ్నం మేనేజరు సోహార్ ఆఫీసునుంచి పికప్పు వేసుకుని నేరుగా సైటుకి వచ్చాడు. చిలీనుంచి ఫోన్ వచ్చింది. చిలీ అన్న వాళ్లమ్మ పోయింది. కంపెనీ టికెట్ ఇస్తానంది. కానీ ఎన్ని విమానాలు ఎక్కి దిగినా, ఆయన ఆ ఊరు చేరేసరికి అంతా అయిపోతుంది. వెళ్లనన్నాడు. రిగ్గు ఆపి, గొట్టాలన్నీ తుడిచి, క్యాబిన్‌కి వచ్చి కూర్చున్నాడు. గల్ఫులో ఉండేవాళ్లకి ఈ చావు కబుర్లు కొత్త కాదు. దానికొక పద్ధతి కూడా ఏర్పడింది. టీవీ కట్టేస్తారు. ఎవరో ఒకరు చాయ్ పెడతారు. రూమ్‌లో ఖాళీ ఉన్నంతమేరా మనుషులు వచ్చి కూర్చుంటారు, ఎవరూ ఏమీ అడగరు. మేము కూడా అలాగే కూర్చున్నాం. భాయి ఆయన కోసం వేరేగా చారు కాచి తెచ్చాడు. బావ ఆ రోజంతా ఎవరినీ బావా అని పిలవలేదు.

మర్నాడు పొద్దున ఆయనే స్టోరుకి వచ్చాడు. నేను గ్లౌజుల పెట్టె వైపు చెయ్యి చాపాను. వద్దన్నాడు.

"నాకు నువ్వు కావాలి," అన్నాడు. "మా దగ్గర మనిషిని మట్టిలో పెట్టేముందు ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు ఆ మనిషి బతుకంతా చెబుతారు. ఏ నేల, ఎవరి బిడ్డ, ఏం చేసింది, ఎవరితో పోట్లాడింది, అన్నీ. రెండోవాడు వింటూ అడుగుతాడు. దాచింది ఉంటే బయటికి లాగుతాడు, పెంచి చెప్పింది ఉంటే తగ్గిస్తాడు. సరిగ్గా చెప్పడం పూర్తయితేనే ఆమె కదులుతుంది. లేకపోతే ఇంటి చుట్టూనే తిరుగుతుంది."

"అక్కడ మీవాళ్లు చెబుతారు కదా."

"చెప్పగలిగిన ముసలివాళ్లు పోయారు. మా తమ్ముడికి చెప్పేంత భాష రాదు. పాస్టరు వచ్చి పాట పాడి పంపించేస్తాడు. నేనే చెప్పాలి. ఎదురుగా నిలబడేవాడు కావాలి. ఈ క్యాంపులో సరిగ్గా పోట్లాడేవాడివి నువ్వొక్కడివే."

నా ఇబ్బంది పాఠకులకి అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. మా నాన్న పోయినప్పుడు నేను కర్మలు చెయ్యనన్నాను. మా మేనమామ ఆనాటినుంచి నా మొహం చూడలేదు. సొంత తండ్రికి చెయ్యనివాణ్ణి, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆమె ఆత్మ ప్రయాణానికి ఏర్పాట్లు చెయ్యాలా? ఆ మాటే ఆయనతో అన్నాను. ఆత్మ అనేది లేదు, అది ఎక్కడికీ వెళ్లదు, నేను నమ్మను అన్నాను.

"నిన్ను నమ్మమని ఎవరన్నారు? అడగమన్నాను," అన్నాడు.

అడగడమైతే నాకు వచ్చు. అయినా ఇంకో అడ్డంకి వచ్చింది. ఎదురుగా నిలబడేవాడు ముందుగా తనెవరో చెప్పుకోవాలట. ఏ నేల, ఎవరి బిడ్డ. చెప్పకపోతే పోయిన మనిషికి తనని అడుగుతున్నది ఎవరో తెలియదు కదా అన్నాడు. మళ్లీ ఆ ప్రశ్నే. అది మాత్రం కుదరదన్నాను. ఆయన బతిమాలలేదు. తలూపి బయటికి నడిచాడు. నడకలో ఏదో బరువు కనిపించింది. అది చూసి నాకు అన్నం సయించలేదు. మధ్యాహ్నం మెస్సులో సంగతంతా బయటపెట్టాను.

"అమ్మ పేరు చెప్పేదానికి మీకు ఏం పోయింది సార్?" అన్నాడు భాయి, గిన్నె తోముతూనే. "మిమ్మల్ని కలిమా చదవమన్నాడా, పూజ చెయ్యమన్నాడా?"

"నువ్వు పోకుంటే నేను పోత బావా," అన్నాడు బావ. "నాకు అడుగుడు రాదు గని నిలవడుడు వస్తది."

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చిందంటే అబద్ధం కాదు. అడగడం నా వృత్తి. దాన్ని నిలబడటం మాత్రమే వచ్చినవాడికి వదిలేస్తానా? సాయంత్రం వెళ్లి సరే అన్నాను. ఒక్క షరతు పెట్టాను. నాకు నిజమని తోచనిది నా నోటితో అనను. అదే కావాలన్నాడు ఆయన.

శుక్రవారం సెలవు. పొద్దు పొడిచే వేళకి క్యాంపు వెనక ఉన్న ఎండిన వాగులోకి నడిచాం. అక్కడ మన తుమ్మ లాంటి చెట్లు నాలుగున్నాయి. మేకలు మేపుకునే ఒక ఒమానీ ముసలాయన రోజూ అక్కడే ఉండేవాడు. ముందు ఆయన్ని అడగాలన్నాడు చిలీ అన్న. నేల ఆయనది, మన శోకం ఆయన నేల మీద పెడుతున్నాం. ముసలాయన మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, కాఫీ ఇచ్చాడు. అక్కడి మర్యాద ప్రకారం ఎవరి ఆరోగ్యం ఎలా ఉంది, ఏమిటి సమాచారం అని చాలాసేపు అడిగాడు. మేమంతా బాగున్నామని చాలాసేపు చెప్పాం. చావు కబురు చెప్పడానికి వచ్చినవాళ్లు కూడా ముందు అంతా క్షేమమే అని చెప్పాలి. కాఫీ అయ్యాక అసలు విషయం చెప్పాడు చిలీ అన్న. ముసలాయన కాసేపు తల వంచుకుని, ఆమె ఎవరి కూతురు అని అడిగాడు. చిలీ అన్న చెప్పాడు. ఆ పేర్లు ఆ ముసలాయన జన్మలో వినివుండడు. అయినా ఒక్కొక్కదానికీ తలూపి, ఆమె కోసం దేవుణ్ణి ప్రార్థించి, మేకల్ని అవతలి గట్టు మీదికి తోలుకుపోయాడు. నాకు ఆశ్చర్యం వేసింది. మావైపు మనిషిని దూరం పెట్టడానికి అడిగే ప్రశ్నని, ఈ ముసలాయన దగ్గరికి తీసుకోవడానికి అడిగాడు.

ఇద్దరం చెట్ల మధ్య ఎదురెదురుగా నిలబడ్డాం. చిలీ అన్న మొహం తూర్పుకి ఉంది. "ఈ కొండలు దాటితే సముద్రం, అది దాటితే మీ నేల," అన్నాడు. నన్ను మొదలుపెట్టమన్నాడు. నీ భాషలోనే చెప్పు, ప్రశ్నలు కూడా నీ భాషలోనే అడుగు, తర్వాత నాకు చెబుదువుగాని, ఆమె ముందు ఇద్దరం సొంత మాటే మాట్లాడాలి అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. వందల సభల్లో మాట్లాడినవాణ్ణి, ఎదుట ఒకే ఒక శ్రోత, అతనికి తెలుగు రాదు. అయినా మొదటి మాట దగ్గరే రెండుసార్లు తడబడ్డాను. ఇంటిపేరు చెప్పకూడదని ముందే నిశ్చయించుకున్నాను. అందుకని అమ్మ వైపునుంచి చెప్పాను. కృష్ణ కాలవ కింద నాట్లు వేసిన ఫలానా ఆమె కొడుకుని. ఆమె ఫలానా ఆమె కూతురు. ఆ అమ్మమ్మకి చూపు సరిగ్గా ఆనేది కాదు, తడిమి చూసి వడ్లు ఏ రకమో చెప్పేది. అంతే, అక్కడ ఆగిపోయింది. ఆ పైన ఎవరో నాకు తెలియదు. ఇంటిపేరు వదిలేశానని అన్నేళ్లు గొప్పగా చెప్పుకున్నాను. మా ఆడవాళ్ల వైపున అసలు వదలడానికి ఏ పేరూ లేదు. పెళ్లికాగానే అవి వాళ్లంతట అవే ఊడిపోయాయి. చిలీ అన్న "చాలు, ఆమెకి తెలిసింది" అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

తర్వాత ఆయన మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన నోట ఆ భాష రెండు మూడు ముక్కలకి మించి నేను వినలేదు. ఇప్పుడు అది లోతునుంచి తీసిన రాతి గడలా ముక్క వెంట ముక్క విరగకుండా వచ్చింది. కొంత చెప్పి ఆగి, దాని సారం నాకు సైటు భాషలో చెప్పేవాడు. ఒక సరస్సు పక్కన పుట్టింది. నది దాటి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఉన్నితో దుప్పట్లు నేసేది. గుడ్లు పట్నంలో అమ్మేది. నా పని నేను చేశాను. బాగా నేసేదా? బాగా నేసేది. ఎవరితో పోల్చి చెబుతున్నావు? చెల్లెలితో. చెల్లెలు ఇంకా బాగా నేసేది, నిజమే. చెల్లెలితో ఎలా ఉండేది? మగ్గం దగ్గర తగాదా వచ్చి మాటలు మానేసింది. తప్పు ఎవరిది? అమ్మదే అన్నాడు. ఆ మాట నేల మాటలో కూడా చెప్పాడు. నోరు ఎలాంటిది? చెడ్డది. గుడ్లలో పాతవి కలిపి అమ్మేదా? ఆయన నవ్వు ఆపుకోలేక, ఎప్పుడైనా అన్నాడు. సభల్లో నేను ప్రత్యర్థులను ఇలాగే అడిగేవాణ్ణి. అక్కడ ఒక్కొక్క ప్రశ్నకీ ఎదుటిమనిషి చిన్నబోయేవాడు. ఇక్కడ ఒక్కొక్క ప్రశ్నకీ ఆమె కొంచెం పెద్దదవుతోంది.

చివరికి ఆ చోటికి వచ్చాడు. "పిల్లలకి తన మాట ఇవ్వలేదు. మేమంటే సిగ్గుపడింది. మూగవాళ్లని చేసి వెళ్లింది," అన్నాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు. ఇది ఆయన పాత కోపం. దీన్ని ఇలాగే వదిలేసి ముగిస్తాడని నాకు తెలిసిపోయింది. నాకు ఎక్కడో లెక్క కుదరలేదు. తెలుగులో అడిగాను, తర్వాత ఆయనకి చెప్పాను.

"బడి కొట్టి మాన్పించింది అన్నావు. అమ్మ నేర్పలేదు అన్నావు. మరి ఇంతసేపూ నువ్వు తడుముకోకుండా మాట్లాడిన ఈ భాష నీకు ఎవరు నేర్పారు?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. ఎటో చూస్తూ, "విన్నాను," అన్నాడు.

"ఎవరి దగ్గర?"

అవతలి గట్టు మీద మేకల మెడ గంటలు వినిపిస్తున్నాయి. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కోళ్లతో మాట్లాడేది. గింజలు చల్లుతూ ఒక్కొక్క కోడినీ పిలిచి, నీ తల్లి ఎవరు, నువ్వు ఏ గంపలో పుట్టావు అని వాటి వంశం చెప్పేది. నీళ్లకి వెళితే వాగుని పలకరించి, నేను ఫలానా, ఫలానా ఆమె బిడ్డని, రెండు కుండలు తీసుకుంటున్నాను, కోపగించుకోకు అని గట్టిగా, నిదానంగా, ప్రతి మాటా విడివిడిగా చెప్పేది. చేలో మొక్కజొన్నతో, మగ్గం మీద దారంతో, వానతో కూడా అంతే. ఎప్పుడూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడేది. పిల్లలతో మాత్రం ఒక్క ముక్క అనేది కాదు. బడిలో అడిగితే మా అమ్మ మాతో స్పానిషే మాట్లాడుతుంది అని వాళ్లు ఒట్టు పెట్టి చెప్పగలిగేవాళ్లు. అది అబద్ధం కాదు.

"సిగ్గుపడే మనిషి వాగుతో అంత గట్టిగా ఎందుకు మాట్లాడుతుంది?" అని అడిగాను. నిజానికి అది ప్రశ్న కాదు. ఆయనకి అప్పటికే అర్థమైంది. ఆ రాతి పలకల్లాంటి చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు మరో సంగతి తోచింది. నేను ఆ ఊరికి ఉపన్యాసానికి వెళ్లి ఉంటే, వాగుతో మాట్లాడే ముసలమ్మని వేదికమీద ఉదాహరణగా చెప్పి జనాన్ని నవ్వించేవాణ్ణి. ఈనాటికీ వాగుకి చెవులున్నాయని నేను నమ్మను. ఆ మాటలు విన్న చెవులు మాత్రం ఎవరివో నా ఎదుటే ఉన్నాయి.

ఆయన మొహం తుడుచుకుని, చెప్పిన చివరి మాట వెనక్కి తీసుకుంటున్నానని అన్నాడు. ఆ భాగం మొదటినుంచి మళ్లీ చెప్పాడు. ఈసారి ఆమె గొంతుతో కోళ్లని పిలిచాడు. గట్టు మీద మేకలు తలలెత్తి చూశాయి, ముసలాయన కూడా లేచి నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడాడు. ఆ ముక్కకి సారం నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పడం అయ్యాక నా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎదురు నిలబడ్డవాడు ఇక అడిగేది లేదు, సరిగ్గా చెప్పావు అంటేనే ఆమెకి దారి. ఆ మాట నేను అనాలి.

నాకు ఇంకో ప్రశ్న ఉంది. ఆ చెల్లెలు బతికుందా, ఈ కబురు ఆమెకి ఎవరైనా చెప్పారా అని. ఎప్పుడైనా అడగవచ్చులే అనుకున్నాను. ఎవరి ఆత్మా ఎక్కడికీ వెళ్లడం లేదని నాకు తెలుసు. అయినా ఆ మాట అనడానికి తొందరపడలేదు. మేము వచ్చినప్పుడు వాగంతా కొండ నీడలో ఉంది. ఆ నీడ కొంచెం కొంచెంగా జరిగి, ఇప్పుడు ఎండ మా చెప్పుల మీదికి వచ్చింది.

"చాలన్నా. సరిగ్గా చెప్పావు," అన్నాను, తెలుగులోనే.

ఎవరైనా పోయారంటే ఎన్నేళ్లు బతికారని అడుగుతాం. ఆ బతుకుని ఉన్నదున్నట్టు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో నేను చూసింది మాత్రం ఆ ఒక్కసారే: ఒక కొండ నీడ ఇద్దరు మనుషుల మీంచి తొలగిపోయేంతసేపు.